పది గంటల లోపు ఇల్లు చేరాలంటే: లాక్‌డౌన్‌లో సామాను, సంసారం – సమగ్ర మార్గదర్శి

2021 మే 12న తెలంగాణలో కరోనాకు రెండోసారి లాక్‌డౌన్ పెట్టినప్పుడు పొద్దున 6 నుంచి 10 దాకే బయటకు పోనిచ్చారు. మొదటి రోజు నేను తొమ్మిదిన్నరకు నల్లగొండలో కూరగాయలకు పోయాను. భుజం భుజం రాసుకునేంత గుంపు. మాస్కు గడ్డం కిందికి దింపుకున్న ఒకాయన నా మొహం ముందరే నిలబడి టమాట బేరం చేస్తున్నాడు. పోలీసు బండి సైరన్ వినబడగానే అందరం ఒక్కసారే బయటకు తోసుకున్నాం. ఇంటికొచ్చి సంచి కుమ్మరిస్తే రెండు కిలోల టమాట, ఒక కొత్తిమీర కట్ట, అర్ధకిలో బెండకాయ. నూనె మరిచిపోయాను. నూనె కోసం మరునాడు మళ్ళీ అదే గుంపులోకి పోవాల్సి వచ్చింది.

ఆ రోజుల్లో మన దగ్గర సామానుకు కరువు రాలేదు, పొద్దుకు కరువొచ్చింది. ఉన్న నాలుగు గంటల్లో ఊరంతా ఒకేచోట చేరేది, రోగం అంటుకునేది కూడా అక్కడే. అందుకే ఈ మార్గదర్శి మొత్తం ఒక్క లెక్క మీద నడుస్తుంది: నెలలో ఎన్నిసార్లు గడప దాటుతున్నాం, దాటినప్పుడు ఎంతసేపు జనంలో ఉంటున్నాం.

ముందుగా, ఆంక్షలు మన ఊరికి ఎట్లా ఉన్నాయో చూసుకోవాలి

రాష్ట్రమంతా ఒకే టైమింగ్ అనుకోవద్దు. 2020 మార్చిలో రాత్రి 7 నుంచి పొద్దున 6 దాకా కర్ఫ్యూ, పగలు సామానుకు పోవాలన్నా ఇంటికి 3 కిలోమీటర్ల లోపే. 2021 జూన్ 10 నుంచి రాష్ట్రంలో చాలా చోట్ల సాయంత్రం 5 దాకా సడలించారు. నల్లగొండ, నాగార్జునసాగర్, దేవరకొండ, మునుగోడు, మిర్యాలగూడ నియోజకవర్గాల్లో మాత్రం కేసులు తగ్గలేదని మధ్యాహ్నం 1 దాకానే ఉంచారు, ఇల్లు చేరడానికి ఇంకో గంట. హైదరాబాద్‌లో ఉన్న చుట్టాలు ఫోన్‌లో చెప్పిన టైము నమ్మి బయలుదేరినవాళ్ళు ఇక్కడ రోడ్డు మీద ఆగిపోయారు. మీ మండలం పేరుతో వచ్చిన ఉత్తర్వు ఏదో చూసుకుని, ఆ టైము ఒక కాగితం మీద రాసి తలుపుకు అంటించండి.

మొదటి పని: దుకాణానికి కాదు, వంటింట్లోకి పోవాలి

చిట్టీ రాసే ముందు డబ్బాలన్నీ మూత తీసి చూడండి. ఉన్నది ఒక పక్క, రోజుకు అయ్యేది ఇంకో పక్క రాయండి. మా ఇంట్లో ముందుగా అయిపోయింది బియ్యం కాదు. మంచినూనె, చాయపత్తి, ఎల్లిగడ్డ అయిపోయాయి. ఇంట్లో అందరూ పొద్దంతా ఉంటే చాయ్ మూడింతలవుతుంది, పిల్లలకు పల్లీలు, అటుకులు కూడా అంతే. మామూలు నెల లెక్క లాక్‌డౌన్ నెలకు పనికిరాదు.

ఇద్దరు పెద్దవాళ్ళు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి 15 రోజులకు మేము వేసుకున్న లెక్క ఇది. బియ్యం 20 కిలోలు. కందిపప్పు 2 కిలోలు, పెసరపప్పు కిలో. మంచినూనె 2 లీటర్లు. ఉల్లిగడ్డ 4 కిలోలు, ఆలుగడ్డ 2 కిలోలు, ఎల్లిగడ్డ పావు. చింతపండు అర్ధకిలో, కారం అర్ధకిలో, ఉప్పు ఒక ప్యాకెట్, పసుపు వంద గ్రాములు. చక్కెర కిలోన్నర, చాయపత్తి పావుకిలో. జొన్నలు 5 కిలోలు, పల్లీలు కిలో, ఒక ట్రే గుడ్లు. మీ ఇంట్లో రొట్టె ఎక్కువ తింటే బియ్యం తగ్గించి జొన్నలు పెంచుకోండి. జొన్నపిండి మాత్రం ఒకేసారి ఎక్కువ పట్టించొద్దు, ఎండాకాలంలో పదిరోజులకే చేదెక్కుతుంది. గిర్ని తీసే రోజు తెలుసుకుని రెండు కిలోల చొప్పున పట్టించుకోవాలి.

చిట్టీలో ఎవరూ రాయనివి కొన్ని ఉంటాయి: బీపీ, షుగర్ గోళీలు, పారాసిటమాల్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఆడవాళ్ళకు ప్యాడ్లు, చంటిపిల్లల పాలపొడి, సబ్బులు, అగ్గిపెట్టె. రోజూ మింగే గోళీలు 30 రోజులవి ఇంట్లో ఉండాలి, అవి సగానికి రాగానే మళ్ళీ తెచ్చుకోవాలి. డాక్టరు రాసిన చీటీని ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. చెక్‌పోస్టు దగ్గర పోలీసుకు చూపించడానికి కూడా అదే అక్కరకొస్తుంది. గ్యాసు రెండో సిలిండర్ తగిలించిన రోజే బుక్ చేయండి.

ఎంత కొనాలి, ఎక్కడ ఆగాలి

పదిహేను రోజులకు మించి కొనొద్దు. ఎందుకో చెప్తాను. మిర్యాలగూడ చుట్టూ ఉన్న రైస్ మిల్లులు రాష్ట్రానికే బియ్యం పెడతాయి, లాక్‌డౌన్‌లోనూ ఊళ్ళలో ఐకేపీ సెంటర్లు తెరిచి, రైతులకు టోకెన్లిచ్చి యాసంగి వడ్లు కొన్నారు. మనకు బియ్యం రాకుండా పోయే పరిస్థితి లేదు. ఉన్న ఒక్క కిరాణం దుకాణంలో మనం మూడు బస్తాలు ఎత్తుకొస్తే, ఏ పూటకు ఆ పూట కిలో కొనుక్కునే కూలీ మనిషి వచ్చేసరికి అరలు ఖాళీగా ఉంటాయి, ధర కూడా పెరిగి ఉంటుంది. పైగా మే ఎండలకు బియ్యంలో పురుగు పడుతుంది, పల్లీలు కారువాసన వస్తాయి. ఒక 25 కిలోల బస్తా చాలు. వేపాకు నీడన బాగా ఆరబెట్టి బస్తాలో వేయండి. పచ్చి ఆకు వేస్తే తేమకు బూజు పడుతుంది.

రెండో పని: కిరాణం వాళ్ళతో మాట్లాడుకోవడం

నాకు అన్నిటికంటే అక్కరకొచ్చిన పని ఇదే. మా గల్లీ దుకాణం అన్న రెండో రోజే అన్నాడు: "అక్కా, నువ్వు ఈడ నిలబడి ఒక్కొక్కటి అడిగితే నీకు అర్ధగంట, నీ ఎనకాల పదిమందికి అర్ధగంట. చిట్టీ రాత్రి వాట్సాప్‌ల వెట్టు, పొద్దుగాల కట్టిపెడ్త." ఆ రోజు నుంచి దుకాణం ముందర నేను నిలబడింది రెండు నిమిషాలు.

చిట్టీ ఎట్లా రాయాలో కూడా ముఖ్యమే. ఒక్కో వరుసలో ఒక్క సామాను, పక్కన తూకం, అది లేకపోతే బదులు ఏది ఇవ్వాలో. "కందిపప్పు 2 కిలోలు, లేకుంటే పెసరపప్పు" అని రాస్తే ఆయన మళ్ళీ ఫోన్ చేయాల్సిన పని ఉండదు. చివర మీ పేరు, ఎన్ని గంటలకు వస్తారో రాయండి. పైసలు ఫోన్‌లో కొట్టండి, లేదంటే లెక్కకు సరిపడా చిల్లర తీసుకపొండి.

ఉద్దెర సంగతి మొహమాటం లేకుండా ముందే మాట్లాడుకోవాలి. జీతం ఆగినవాళ్ళు ఆ నెలల్లో చాలామంది. దుకాణదారుకు కూడా హోల్‌సేల్ వాళ్ళు అప్పటికప్పుడు పైసలడుగుతున్నారు. "సగం ఇప్పుడిస్త, సగం పదో తారీఖుకు" అని చెప్తే కాదన్నవాళ్ళను నేను చూడలేదు. ప్యాకెట్ మీది ధర కంటే ఎక్కువ అడిగితే మాత్రం బిల్లు తీసుకోండి. ఫిర్యాదుకు పౌరసరఫరాల నంబర్ 1967 ఉంది.

రేషన్ దుకాణం

2020 ఏప్రిల్‌లో తెల్లకార్డు మీద మనిషికి 12 కిలోల బియ్యం ఉచితంగా, కార్డుకు 1500 రూపాయలు ఇచ్చారు. కార్డు లేని వలస కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యమో గోధుమపిండో, 500 రూపాయలు. ఇటువంటి ప్రకటన వచ్చిన మొదటి రోజు ఉరకొద్దు. టోకెన్ ఇస్తే దాని మీది టైముకే పోవాలి, ఇవ్వకపోతే మూడో నాలుగో రోజు పోవాలి. ఇంకొకటి, తెలంగాణ కార్డు మీద రాష్ట్రంలో ఏ రేషన్ దుకాణంలోనైనా బియ్యం తీసుకోవచ్చు. అచ్చంపేట నుంచో నారాయణపేట నుంచో హైదరాబాద్‌కు పనికి పోయి అక్కడ చిక్కుకుపోయినవాళ్ళకు ఈ మాట ఫోన్ చేసి మరీ చెప్పండి.

ఖాతాలో పడ్డ పైసల కోసం బ్యాంకు ముందు ఎండలో నిలబడే ముసలవ్వలను చూస్తే కడుపు తరుక్కుపోయేది. ఆధార్‌తో ముడిపడిన ఖాతా అయితే పోస్టాఫీసులో వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. పోస్ట్‌మ్యాన్‌ను అడిగితే ఇంటి దగ్గరికి కూడా తెచ్చిస్తారు.

మూడో పని: కూరగాయలు

ఇక్కడే అందరం తప్పు చేస్తాం. ఆకుకూరలు, టమాట, బెండకాయ నిండా తెచ్చుకుంటాం, నాలుగో రోజుకు సగం కుళ్ళిపోతాయి, మళ్ళీ బజారుకు. కొనేటప్పుడే ఏ కూర ఏ రోజు వండుతామో అనుకుని కొనాలి.

మొదటి రెండు రోజులు: తోటకూర, పాలకూర, పుంటికూర. మూడు నుంచి ఆరో రోజు దాకా: బెండ, బీర, వంకాయ. ఆ తర్వాత: దొండ, క్యాబేజీ, కాకర. రెండో వారం: దోసకాయ, గుమ్మడికాయ, ఆలుగడ్డ, పప్పు, గుడ్లు. పదిహేను రోజుల సంచిలో సగానికి సగం ఈ చివరి జాబితాలోవే ఉండాలి.

టమాట సంగతి కొంచెం వివరంగా చెప్తాను, పైసలన్నీ పోయేది దాని మీదే. బండి దగ్గర ఎర్రగా మెరిసేవి ఏరుకోవద్దు. మూడో వంతు పండినవి, మిగతావి దోరవి, ఆకుపచ్చ ఇంకా పోనివి తీసుకోండి. ఇంటికి రాగానే కడగొద్దు, తడి తగిలితే తొడిమ దగ్గర నుంచి బూజు మొదలవుతుంది. మా అమ్మ వరండాలో పాత చీర పరిచి, ఒక్కొక్క కాయను చేత్తో తిప్పి చూసి, తొడిమ వైపు కిందికి ఉండేటట్టు ఒకదానికొకటి తగలకుండా పెట్టేది. బొటనవేలితో మెల్లగా నొక్కినప్పుడు దిగబడ్డది ఆ పూట పప్పులోకి. పొద్దునా సాయంత్రం అట్లా చూస్తే ఐదు కిలోలు పన్నెండు రోజులు వచ్చాయి, రెండే రెండు పారేశాం. అన్నీ ఒకేసారి పండిపోతే ఎదురు చూడకుండా కోసి, ఉప్పేసి, ఎండలో పెట్టి తొక్కు చేసుకోండి.

పచ్చిమిరపకాయలకు తొడిమలు తీసి, పొడిబట్టలో చుట్టి పెడితే రెండు వారాలు ఉంటాయి. కొత్తిమీర వేళ్ళతో సహా గ్లాసు నీళ్ళలో నిలబెట్టండి. కరివేపాకు నీడన ఆరబెట్టి డబ్బాలో పోయండి. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ ఒకే బుట్టలో పెట్టొద్దు, తొందరగా పాడవుతాయి. ఫ్రిజ్ లేని ఇంట్లో వెడల్పు కుండలో తడి ఇసుక, దాని మీద చిన్న కుండ, పైన తడి గోనెపట్టా. నల్లగొండ ఎండ 44 డిగ్రీలకు పోయినా లోపల పెట్టిన బీరకాయ మూడు రోజులు వాడిపోకుండా ఉంటుంది.

ఎండాకాలం లాక్‌డౌన్ అయితే మన నేల కొంత చేతికందిస్తుంది. ఏప్రిల్‌లో చింతచిగురు ఉంటుంది. పప్పులో వేస్తే టమాట పని ఉండదు. పొలం గట్ల మీద గంగవాయిల కూర దొరుకుతుంది. మామిడికాయ తొక్కు పెట్టుకునే కాలం కూడా అదే. వంకాయలు, కాకరకాయలు ఎక్కువైతే ఒరుగులు చేసి పెట్టుకోండి. పాత తొట్టిలోనో పగిలిన బకెట్‌లోనో మెంతులు చల్లితే మూడు వారాల్లో కూర చేతికొస్తుంది.

బత్తాయి గురించి ఒక మాట. నల్లగొండ బత్తాయి ఎప్పుడూ లారీలెక్కి దూరం మార్కెట్లకు పోయేది. 2020లో బండ్లు ఆగేసరికి తోటల రైతులు నెత్తిన చేతులు పెట్టుకున్నారు. మా గల్లీలో పది ఇండ్లం కలిసి ఒక తోట రైతు నుంచి నేరుగా తెప్పించుకున్నాం, ఇంటికి ఐదు కిలోలు. నీడన గాలి తగిలేటట్టు పెడితే పది రోజులు ఉంటాయి. దానితో కరోనా తగ్గుతుందని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు. ఎండలో ఒంటికి మంచిది, రైతు నిలబడతాడు, అందుకోసం కొనండి.

నాలుగో పని: బయటకు పోయి రావడం

ఇంటికి ఒక్కరే, ఎప్పుడూ ఆ ఒక్కరే. అరవై దాటినవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు ఆ ఒక్కరు కావద్దు. పొద్దున ఆరు నుంచి ఏడు లోపు పోండి, చివరి గంటలో అసలే వద్దు, అందరూ ఉరికేది అప్పుడే. ఏసీ వేసి తలుపులు మూసిన సూపర్‌మార్కెట్ కంటే గల్లీలోకి వచ్చే తోపుడుబండి మేలు. ఈ రోగం ముఖ్యంగా ఊపిరి ద్వారా, గాలిలో అంటుకుంటుంది. మాస్కు ముక్కు మీదే ఉండాలి, మాట్లాడేటప్పుడు దింపొద్దు. ముందరున్న మనిషికి ఆరడుగులు ఎడం.

ఇంటికొచ్చాక సంచి ఒక మూలన పెట్టి, చేతులు సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడగండి. కూరగాయలు వండే ముందు పారే నీళ్ళలో కడిగితే చాలు. సబ్బునీళ్ళు, శానిటైజర్, బ్లీచింగ్ తిండి మీద వాడొద్దు, కడుపులోకి పోతాయి. 2020లో మేమూ పాల ప్యాకెట్లు సర్ఫ్‌తో కడిగాం. వస్తువుల మీద నుంచి అంటుకోవడం చాలా తక్కువని తర్వాత తేలింది. ఆ ఓపికను మాస్కు మీద, కిటికీలు తెరిచిపెట్టడం మీద పెట్టండి. శానిటైజర్ పూసుకున్న తడి చేత్తో పొయ్యి ముట్టించొద్దు, సీసా వంటింట్లో అసలే పెట్టొద్దు. అది సారాయంత సులువుగా అంటుకుంటుంది.

తాగే నీళ్ళు: మన జిల్లాకు ప్రత్యేకం

ఫిల్టర్ నీళ్ళ ప్లాంటు మూతపడితే చాలా ఇండ్లలో బోరు నీళ్ళు కాచుకుని తాగడం మొదలుపెట్టారు. మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు ఇది ప్రమాదం. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. తాగడానికి, వంటకు మిషన్ భగీరథ నల్లా నీళ్ళే పట్టుకోండి, అనుమానముంటే వాటినే కాచుకోండి. బోరు నీళ్ళు బట్టలకు, గిన్నెలకు. నల్లా వచ్చే టైముకు రెండు రోజులకు సరిపడా మూత ఉన్న బిందెల్లో నింపి పెట్టుకోండి.

ఐదో పని: ఇంట్లో పొద్దు గడపడం

వారానికి రెండు పూటలు "ఉన్నదానితో" అని పెట్టుకున్నాం. పచ్చిపులుసుకు కావాల్సింది చింతపండు, ఉల్లిగడ్డ, ఎండుమిరపకాయ, పొయ్యి కూడా అక్కరలేదు. దాంట్లోకి కాల్చిన అప్పడం ఉంటే పిల్లలు ఇంకేం అడగలేదు. మధ్యాహ్నం జొన్న అంబలిలో మజ్జిగ కలిపి తాగితే ఎండకు కూడా మంచిది. మిగిలిన అన్నం పారేయకుండా పులిహోర.

వంటింటి బరువంతా ఒక్క ఆడమనిషి మీద వేయొద్దు. అందరూ ఇంట్లో ఉండటం అంటే ఆమెకు మూడు పూటలకు ఆరు పూటల పని. గిన్నెలు ఒకరు, కూరగాయలు కోయడం ఒకరు, నీళ్ళు పట్టడం ఒకరు అని మొదటి రోజే చెప్పుకోండి.

రోజూ కల్లు తాగే అలవాటున్న పెద్దమనిషి ఇంట్లో ఉంటే కనిపెట్టుకుని ఉండాలి. 2020 మార్చి చివర్లో దుకాణాలు మూతపడగానే కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్ళు చేతులు వణికి, నిద్రపట్టక, ఎవరో కనబడుతున్నారని అరిచి ఆస్పత్రుల పాలయ్యారు. పట్టుదలతోనో కట్టేస్తేనో తగ్గేది కాదు అది, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. వణుకు మొదలైన రోజే 108కి ఫోన్ చేయండి.

ఇంట్లో ఒకరికి జ్వరం వస్తే

పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగకుండా వేరే గదిలో పడుకోబెట్టండి, కిటికీ తెరిచి. అన్నం గిన్నె గుమ్మం దగ్గర పెట్టాలి. రోగి, సేవ చేసే మనిషి ఇద్దరూ మాస్కు పెట్టుకోవాలి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ గల్లీకి ఒకటి ఉన్నా చాలు. 94 కంటే తగ్గితే డాక్టరుతో మాట్లాడాలి. 90 కంటే తగ్గితే ఆలోచించే పని లేదు, ఆస్పత్రికే. సలహాకు 104. పక్కింటివాళ్ళకు రాసిచ్చిన స్టెరాయిడ్ గోళీలు మీరు మింగొద్దు. 2021లో షుగర్ ఉన్నవాళ్ళు అట్లా వాడి చాలా నష్టపోయారు.

ఆ ఇంటి నుంచి ఎవరూ బజారుకు పోకూడదు. కాబట్టి వాళ్ళ చిట్టీ మీరు తీసుకోండి. గంజికి బియ్యం, పెసరపప్పు, గుడ్లు, నిమ్మకాయలు, పాలు గేటు మీద సంచిలో తగిలించి, పది అడుగులు వెనక్కి వచ్చి ఫోన్ చేయండి. 2020 మేలో ముంబై నుంచి పాలమూరు కూలీలు చేతి మీద క్వారంటైన్ ముద్రలతో ఊళ్ళకు వచ్చారు. మా చిన్నమ్మ వాళ్ళ ఊళ్ళో ఒక కుటుంబాన్ని బాయి దగ్గరి కొట్టంలో 14 రోజులు ఉండమన్నారు. మొదటి రెండు రోజులు వాళ్ళ దిక్కు ఎవరూ పోలేదు. మూడో రోజు చిన్నమ్మ ఒక బకెట్‌లో ఐదు కిలోల బియ్యం, పప్పు, కారం, ఒక ఉల్లిగడ్డల సంచి పెట్టి గట్టు మీద దించి పిలిచింది. ఆ ఇంటి ఆడబిడ్డ దూరం నుంచే "సబ్బు ఉందా అత్తమ్మా, పిల్లగాండ్లకు తానం పోయాలె" అని అడిగిందట. పంపే సంచిలో సబ్బు, అగ్గిపెట్టె, ప్యాడ్లు తప్పకుండా పెట్టండి. అవి నోరు తెరిచి అడగడానికి సిగ్గుపడతారు.

ఎత్తేసిన తర్వాత

లాక్‌డౌన్ తీసేసిన మొదటి రోజు బజారుకు పోకండి. ఆ రోజు గుంపు అన్నిటికంటే పెద్దది. ఇంట్లో ఉన్న పాత పప్పు, పాత బియ్యం ముందు వండుకుని, నాలుగు రోజులాగి కిరాణం ఉద్దెర కట్టేసి రండి. మేము పోయినప్పుడు అన్న దుకాణం ముందర సున్నంతో గీసిన గడులు వానకు సగం చెరిగిపోయి ఉన్నాయి. అయినా ఎవరి గడిలో వాళ్ళు నిలబడ్డారు, నేనూ నా గడిలో నిలబడి చిట్టీ ఇచ్చాను.